శ్రావణం పోయిన తెల్లారి

“ఓ సారూ, ఆ గంటె ఏ గిన్నెలకెల్లి తీసినవ్?”

బగారన్నంలోకి దిగబోతున్న గంటె అక్కడే ఆగిపోయింది. సాయిచంద్ తలెత్తి చూశాడు. ఖాళీ ప్లేటును ఎదకు ఆనించుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంది. బయటి వానకు తడిసిన జడ కొసన ఒక నీటిబొట్టు రాలాలా వద్దా అని ఆలోచిస్తున్నది. ఆమె కళ్లలో మాత్రం వాన జాడ లేదు. మండుతున్నాయి.

“దీంట్లదే మేడమ్.”

“కాదు. దీంట్ల చిన్న గంటె ఉండె. ఇది పక్క మటన్ గిన్నెది. అంచు చూడు, ఎర్ర నూనె.”

చూశాడు. ఉంది. చందనవెల్లిలోని ఒక గోదాము ఆఫీసులో చేరి అతనికి ఎనిమిది రోజులే అయింది. అందరూ కలిసి మొయినాబాద్ రోడ్డు మీద బఫేకు వస్తే తనూ వెంట వచ్చాడు. బఫేకు వచ్చిన మొదటిసారే తిట్లు.

“సారీ మేడమ్. చూసుకోలే. నేను గూడ నీసు తింటలే.”

అబద్ధమేం కాదు. అది శ్రావణ మాసం. ముడిమ్యాలలో వాళ్లమ్మ సంగమ్మ, శ్రావణం వచ్చిందంటే కోడిగుడ్డును కూడా గడప దాటనివ్వదు.

ఆమె కళ్లలోని మంట ఆరింది. “నువ్వు గూడనా?” అంది. వెంటనే అతని ప్లేటు అందుకొని వేరే గంటె తెప్పించి అన్నం పెట్టింది. బల్ల చివరికి తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకుంది. పేరు మనోజ్ఞ. అదే ఆఫీసు. ఊరు చేవెళ్ల.

“రెండేండ్ల సంది ఈ మూలకు నేనొక్కదాన్నే. అందరు బొక్కలు కొరుక్కుంట జోకులేసుకుంటరు, నేను గోడను చూసుకుంట పనీర్ తింట,” అంది. “ఇగ నాకు తోడు దొరికింది.”

“మనోజ్ఞకు జోడి దొరికిందిరో,” అని అవతలి కొస నుంచి జైపాల్ కేకేశాడు. అతనికి ఆఫీసులో పని తక్కువ, నోరు ఎక్కువ.

‘శ్రావణం వరకే మేడమ్’ అని చెబుదామని సాయిచంద్ నోరు తెరిచాడు. ఆమె తన ప్లేటులోంచి వేడి మక్కగారె తీసి అతని ప్లేటులో వేసింది. మాట గారెతో పాటు గొంతు దిగిపోయింది.

బఫేలో తినడానికి మనోజ్ఞ దగ్గర ఒక శాస్త్రమే ఉంది. తలుపు తీయగానే లోపల ఉండాలి. సూప్ దగ్గర ఆగి అది ఏ నీళ్లతో కాచారో అడగాలి. ఆలుగడ్డ వేపుడు కంటికి ఎంత ఇంపుగా ఉన్నా, చేపలు వేయించిన నూనెలోనే దాన్నీ వేయించారేమో కనుక్కోకుండా ముట్టుకోకూడదు.

“పది నిమిషాలు దాటిందంటే గంటెలన్ని చుట్టరికాలకు పోతయి,” అనేది. “ఒకదాని ఇంట్ల ఇంకొకటి ఉంటది.”

“నీతోని వస్తే బువ్వకు వచ్చినట్టు లేదు, ఇంటర్ పరీక్షకు వచ్చినట్టున్నది.”

“పాసైతనే బువ్వ.”

ఆమె నవ్వితే పక్క బల్లవాళ్లు కూడా తిరిగి చూసేవారు. సాయిచంద్‌కు అది నచ్చేది కాదు. తను ఒక్కడే చూడాలి.

అమావాస్యతో శ్రావణం పోయింది. తెల్లారి ఆదివారం. సంగమ్మ పొద్దున్నే నాటుకోడిని కోయించి, అల్లం ఎల్లిగడ్డ దట్టంగా వేసి వండింది. నెల్లాళ్లు కడుపు కట్టుకున్న కొడుకు రెండోసారి కూర వేసుకుంటుంటే ఫోన్ మోగింది.

“ఏం తింటున్నవ్?” అంది మనోజ్ఞ.

సాయిచంద్ చేతిలోని ముక్క వైపు చూశాడు. “బీరకాయ.”

ఫోన్ పెట్టేశాక సంగమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. “బీరకాయ ఎవలింట్ల అండిండ్రురా?”

“ఆఫీసు ఫోన్ అమ్మా.”

“ఆఫీసోళ్లకు నీ కూరతోని ఏం పని?”

ఆ రోజు నుంచి సాయిచంద్ కాలు ఒకచోట నిలిచేది కాదు. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఊగేది. ఫోన్ జేబులో పెట్టి, తీసి, మళ్లీ పెట్టేవాడు. సోమవారం చెబుదామనుకుంటే ఆమెకు జలుబు. మంగళవారం ఆమె సంతోషంగా ఉంది, పాడు చేయడం ఎందుకని ఊరుకున్నాడు. ఇట్లా వారాలు కాస్తా నెలలయ్యాయి. మధ్యలో కార్తీకం వచ్చింది. వాళ్లింట్లో అప్పుడూ నీసు బంద్. ఆ నెల్లాళ్లు అతను నిజం మనిషిగా హాయిగా తిరిగాడు. కార్తీకం పోగానే మళ్లీ కాలు ఊగడం మొదలైంది.

ఆదివారాలు ఇద్దరూ బండి మీద కొత్త కొత్త బఫేలు వెతుక్కుంటూ పోయేవారు. ఒకనాడు తినేసి గండిపేట చెరువు దగ్గర బండి ఆపారు. గాలికి ఆమె చున్నీ వచ్చి అతని మొహం మీద పడింది. తీసుకోలేదు ఆమె. తీయలేదు అతను.

“ముందొక సంబంధం వచ్చిండె నాకు,” అంది మనోజ్ఞ నీళ్లను చూస్తూ. “నీ కోసం నీసు మానేస్త అన్నడు. మేం తాతా మనుమరాలం నమ్మినం. మూడు నెలలకు ఆయన కారు డిక్కీల బిర్యానీ పార్సల్ కనబడ్డది.”

“మరి?”

“మరేమున్నది, వద్దన్న. తిన్నందుకు గాదు. తినుకుంట దాసినందుకు.” ఆమె అతని వైపు తిరిగింది. “నువ్వైతే మొదటిసంది గిట్లనే ఉన్నవ్. నాకోసం మారలే. అందుకే నీతోని నాకు ఫికర్ లేదు.”

చున్నీ కింద సాయిచంద్ మొహానికి చెమట పట్టింది.

“తాతకు చెప్పిన,” అంది ఆమె మళ్లీ, ఈసారి మెల్లగా. “వచ్చే ఆదివారం నిన్ను చూస్తడట.”

మనోజ్ఞకు అమ్మానాన్న లేరు. పెంచింది తాత అంతయ్య. తులసిమాల వేసుకొని పండరి భజన చేసే మనిషి. మాల వేసుకొని ముప్పై ఆరేళ్లు. ఆయన మనసు ఒప్పుకుంటే పెళ్లి, లేకపోతే లేదు. అది మనోజ్ఞ తనకు తాను పెట్టుకున్న మాట.

ఆ వారం సాయిచంద్ మూడుసార్లు ఫోన్‌లో అంతా రాసి, మూడుసార్లు తుడిపేశాడు. శనివారం సంగమ్మ కోడి వండింది. వద్దనడానికి కారణం చెప్పలేక తిన్నాడు.

ఆదివారం మొయినాబాద్‌లో కొత్తగా తెరిచిన శాకాహార బఫేలో కలిశారు. అక్కడ నీసు మాటే లేదు. మనోజ్ఞ ఏ గిన్నె మూత ఎత్తితే అది ఆమెదే. ఎవరినీ ఏమీ అడగకుండా, చిన్నపిల్లలాగా, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగింది.

అంతయ్య మోకాళ్ల నొప్పులతో కుర్చీలో కూలబడ్డాడు. తెల్ల ధోవతి, మెడలో అరిగిన తులసిపూసలు. బఫే అంటే ఏమిటో మనుమరాలు చెప్పగా విని, “అంటే పెట్టేటోళ్లు ఉండరు, ఎవలది వాళ్లే గుంజుకోవాల్నా?” అన్నాడు.

“అవ్ తాతా. ఉండు, నేను తెస్త.”

“నువ్వు కాదమ్మా. పిలగాన్ని పెట్టనీ.”

సాయిచంద్ ఉలిక్కిపడ్డాడు.

“మాల ఏసుకున్నసంది నీసు తినే చెయ్యి పెడితే ముట్టలే బిడ్డా,” అన్నాడు అంతయ్య అతనితో, కళ్లు చికిలించి నవ్వుతూ. “ఈడ అండినోళ్లను నేను చూడలే, అది పాండురంగనికే తెలుసు. పెట్టేటోన్నైతే చూస్త కద. నా మనుమరాలు నీ గురించి చెప్పింది. నీ చేతితోని ఇంత పప్పన్నం పెట్టు. తిని, పెండ్లి మాట ఇంత మాట్లాడుకుందం.”

మనోజ్ఞ సిగ్గుతో కిందికి చూస్తూ ప్లేటు అతని చేతికి ఇచ్చింది.

సాయిచంద్ నడిచాడు. అన్నం గిన్నె ముందు నిలబడి మూత ఎత్తాడు. ఆవిరి మొహానికి కొట్టింది. ఇప్పుడు పెడితే అంతా అయిపోతుంది. పెద్దాయన తింటాడు, మాట కలుస్తుంది, మనోజ్ఞ తనదవుతుంది. ఎవరికీ తెలియదు. ముప్పై ఆరేళ్ల నిష్ఠ ఒక్క ముద్దతో పోయిందని ఆ ముసలాయనకు ఎన్నటికీ తెలియదు.

ఆ హోటలంతా కలిపి నీసైనది ఏదన్నా ఉంటే అది తన చెయ్యే.

వెనక ఎవరో “అన్నా, జర జరుగు” అన్నారు. జరిగాడు. ప్లేటు అక్కడే పెట్టేసి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

“నా చేతికెల్లి తినకుండ్రి తాతా.”

“ఏమైంది బిడ్డా?”

“నేను నీసు తింట. నిన్న గూడ తిన్న.” మనోజ్ఞ వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుంది. “మనోజ్ఞ నన్ను మొదలు చూసిననాడు శ్రావణం. నెల పోయినంక చెప్దమనుకున్న. చెప్పలే. అబద్ధాలాడిన. తప్పు నాది.”

మనోజ్ఞ లేచింది. పోయి, అతను వదిలేసిన ప్లేటులో అన్నం పప్పు పెట్టుకొచ్చి తాత ముందు ఉంచింది. ఆయన తినడం మొదలుపెట్టాక గానీ బయటికి నడవలేదు.

బయట చెడగొట్టు వాన. బండ్లు నిలిపిన రేకుల కింద మామిడి పూత కొట్టుకొచ్చి పడుతున్నది. సాయిచంద్ వెనకాలే వచ్చాడు.

“బీరకాయ,” అంది మనోజ్ఞ. “సొరకాయ. పుంటికూర. అన్ని అబద్ధమే?”

“పుంటికూర ఒక్కటి నిజం.”

ఆమె నవ్వలేదు. “నువ్వు ఏం తింటవనేది కాదు సాయీ. ఆ బల్ల మూలకు నేనొక్కదాన్నే లేననుకున్న. ఏడు నెలలు గట్లనే అనుకున్న. ఆ ఏడు నెలలు గూడ నేనొక్కదాన్నేనా?”

“మానేస్త” అన్న మాట సాయిచంద్ నాలుక మీదికి వచ్చింది. ఆ మాట ఇంతకుముందు ఒకడు అన్నాడని గుర్తొచ్చి మింగేశాడు.

“మానేస్త అని అనను,” అన్నాడు చివరికి. “తింటే తిన్న అని చెప్త. అంతే చెప్పగలుగుత.”

ఆమె లోపలికి పోయింది.

పదహారు రోజులు. ఆఫీసులో ఫైళ్ల మాటలు తప్ప వేరే మాట లేదు. ఇంట్లో సంగమ్మకు అంతా చెప్పేశాడు. ఆమె విని, “ఓరి దొంగా, నా కోడిని బీరకాయ అంటవారా?” అని ఒకటి అంటించింది. తర్వాత తనే తల నిమిరింది. సాయిచంద్ ఇంట్లో తిరుగుతాడు, వాకిట్లో తిరుగుతాడు, బండి తీసి చేవెళ్ల దాకా పోయి ఊళ్లోకి పోకుండానే తిరిగొస్తాడు.

పదిహేడో రోజు మళ్లీ ఆఫీసు బఫే. సాయిచంద్ ప్లేటులో బిర్యానీ పెట్టుకున్నాడు. పక్కన కోడిముక్క. దాన్ని అందరికీ కనబడేటట్టు పట్టుకొని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు.

“ఇటు రారా, ఇగ మావోనివే నువ్వు,” అని పిలిచాడు జైపాల్.

బల్ల చివర నుంచి కుర్చీ కీచుమంది. మనోజ్ఞ కాలితో ఎదుటి కుర్చీని బయటికి తోసింది.

“ఈడ కూసో,” అంది.

సాయిచంద్ పక్క కుర్చీ వైపు చూశాడు.

“పక్కకు కాదు, ఎదురుంగ. నీ ప్లేటు నాకు కనబడాలె.”

కూర్చున్నాడు. ఆమె కోడిముక్కను చూసింది, తర్వాత అతన్ని చూసింది.

“అది పెట్టుకొని నా ఎదురుంగ కూసుంటందుకు భయమైతలేదా?”

“అయితున్నది.”

“కానియ్. ఎన్నాళ్లయితదో చూస్త.” ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వో కాదో తేల్చుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు. “తాత నిన్ను అడుగుతున్నడు. ఆదివారం ఇంటికాడ ఉంటవా అని.”

“ఎందుకు?”

“మీ అమ్మతోని మాట్లాడేదున్నదట. నేను వద్దన్న. వింటలేడు. ‘మాయ జేసి పెట్టేటోడైతే ఆనాడే పెడుతుండె, పెట్టకుండ నిలబడ్డడు, ఆ చెయ్యి మంచిదే’ అంటడు.”

“మరి నువ్వేమంటవ్?”

“నాకు ఇంకా కోపం పోలే.”

“ఎప్పుడు పోతది?”

“తెల్వదు. నువ్వు రోజు నా ఎదురుంగ కూసొని తినాలె. కూసోంగ కూసోంగ పోతది కావొచ్చు.” నీళ్లు తాగి గ్లాసు పెట్టింది. “తాత తన బువ్వ తనే కట్టుకొని వస్తడట. మీ ఇంట్ల ముట్టడు, మీరేం అనుకోవద్దు.”

“నీకు గూడ కట్టుకొస్తడా?”

“నాకెందుకు? మాల తాతది, నాది కాదు. మీ అమ్మ చేతి పప్పు తింట.”

సాయిచంద్ లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా ఎడమ చేత్తో ఫోన్ తీసి, కిటికీ దగ్గరికి పోయి తల్లికి చేశాడు. ఆదివారం చేవెళ్ల నుంచి ఇద్దరు వస్తున్నారని, ఒకాయన తన బువ్వ తనే తెచ్చుకుంటాడని, అమ్మాయికి పప్పు చాలని గబగబా చెప్పాడు.

అవతల సంగమ్మ గొంతు పెంచింది.

“సంబంధం మాట్లాడ వచ్చేటోళ్లకు ఉత్త పప్పు పెడ్తమారా? ఊరంత ఏమంటది?”

సాయిచంద్ వెనక్కి తిరిగి చూశాడు. మనోజ్ఞ తినడం ఆపి, అతను ఏం చెబుతాడో విందామని ఇటే చూస్తున్నది.

“ఊరు ఏమన్న అననీయమ్మా,” అన్నాడు, ఆమెకు వినబడేంత గట్టిగా. “నువ్వైతే పప్పు జర ఎక్కువ అండు. నేను గూడ ఆమెతోనే కూసొని తింట.”