పదిహేడో పోర్టు అవతల

"సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు గంటలకు డ్యామ్ గేట్లు పదకొండూ ఒకేసారి తెరుచుకుంటాయి," అన్నాడు చీఫ్, వాతావరణ వార్తలు చదివినంత తాపీగా. "దిగువన ఏటి గర్భంలో వంతెనకు పునాదులు వేస్తున్నారు. మూడువందల పన్నెండు మంది. నిచ్చెనలెక్కి గట్టు మీదకు రావాలంటే నలభై నిమిషాలు పడుతుంది."

ముంగిస చేతి గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ ముప్పావు. ముంగిస అన్నది డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్. పదమూడేళ్ళ సర్వీసులో మూడు పాస్‌పోర్టులు, ఎనిమిది వేషాలు, భుజంలో ఒక బుల్లెట్ మచ్చ. ఇంట్లోవాళ్ళ లెక్కలో మాత్రం అతను ఇన్సూరెన్స్ ఏజెంటు.

"సైరన్ మోగించి జనాన్ని పైకి రప్పిస్తే?"

"ముఠా మనిషి ఒకడు గట్టు మీద ఎక్కడో దుర్భిణి పట్టుకుని కూర్చున్నాడు. వాడింకా దొరకలేదు. జనం కదిలారంటే ఆ క్షణమే గేట్లు లేపేస్తారు."

"గేట్లకు కరెంటు ఆపేస్తే?"

"కరెంటు పోయినా, కంట్రోల్ ఆఫీసుతో సంబంధం తెగినా అవి వాటంతటవే తెరుచుకుంటాయి. వరదల్లో డ్యామ్ తెగిపోకుండా అలా కట్టారు. కట్టినవాళ్ళు బుద్ధిమంతులే. మనకే ప్రాణాంతకమైంది."

సంగతి ఇదీ. సముద్రం అవతలి ముఠా ఒకటి కంట్రోల్ ఆఫీసు నెట్‌వర్క్‌లో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా ఒకటి తగిలించింది. గేట్లకు ఆజ్ఞ ఇచ్చేది అదే. దాని హార్డ్‌వేర్ నంబరు చివర 9E4C అని మాత్రం డిపార్ట్‌మెంట్‌కు తెలిసింది. అది ఎక్కడుందో కనిపెట్టి, గేట్లను నడిపే ప్యానెల్ సంబంధం తెగకుండా, దాన్ని మాత్రం పీకెయ్యాలి.

"అక్కడి నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ సెలవులో ఉన్నాడు. ఫోన్ ఎత్తడం లేదు. ఆయన బదులు నువ్వు వెళుతున్నావు. ఎవరికీ ఏమీ చెప్పకూడదు. అక్కడ ఎవరు ఎవరి మనిషో తెలియదు."

"సార్, నాకు మా ఇంటి వైఫై పాస్‌వర్డే గుర్తుండదు."

"అందుకే నిపుణురాలిని ఇస్తున్నాం." చీఫ్ బల్ల మీదకు ఒక కళ్ళజోడు, మిరియపు గింజంత ఇయర్‌పీస్ తోశాడు. "నువ్వు చూసేదంతా ఆవిడకు కనపడుతుంది. ఆవిడ చెప్పేది నీకు వినపడుతుంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యి."

ముంగిస ఇయర్‌పీస్ చెవిలో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా మరిదీ, బాగున్నావా?"

సొంత అన్న భార్య. ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటానని ఇంట్లో చెప్పే వదిన.

"వదినా, మీరా..."

"నీకంటే ఆరేళ్ళు ముందు చేరాను ఇక్కడ. ఇన్సూరెన్స్ అని చెప్పి నాకే రెండు పాలసీలు అంటగట్టావు చూడు, ఆ సంగతి ఇంటికెళ్ళాక తేల్చుకుందాం. ముందు ఆ అద్దాలు తుడుచుకో. నీ వేలిముద్రలు తప్ప ఏమీ కనపడటం లేదు."

* * *

పది గంటల ఇరవై నిమిషాలకు ముంగిస కంట్రోల్ ఆఫీసు మొదటి అంతస్తులో ఉన్నాడు. మెడలో ఐడీ కార్డు, భుజాన లాప్‌టాప్ సంచి, మొహాన రాత్రంతా నిద్రలేనట్టు వేషం. ఆ వేషం ఒక్కటే అతనికి కష్టపడకుండా కుదిరింది.

సర్వర్ గది తలుపు తియ్యగానే చెవిలో వదిన నిట్టూర్పు వినపడింది. అలమరనిండా నీలం కేబుళ్ళు. దువ్వెన ఎరగని జుట్టులా పైనుంచి కిందకు వేలాడుతున్నాయి. ఒక కట్ట కింద చీపురు, దాని పక్కన ఎవరివో చెప్పులు.

"ఒక్కదానికైనా చీటీ అంటించి ఉందేమో చూడు."

"ఒకదానికి ఉంది వదినా. 'ఇది ముట్టుకోవద్దు' అని."

"ఎక్కడికి పోతుందో రాసి ఉందా?"

"లేదు."

"రెండో చివర?"

"రెండో చివర ఎక్కడుందో తెలిస్తే కదా."

"చీటీ రెండు చివరలా అంటించాలయ్యా. ఒక్క చివరే అంటించడమంటే కవరు మీద పేరు రాసి ఊరు రాయకుండా పోస్టు చెయ్యడమే. పందొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. సరే, కీబోర్డు తిరగెయ్యి."

తిరగేశాడు. పసుపు కాగితం మీద పాస్‌వర్డ్ ఉంది. దాని కింద ఎర్ర సిరాతో 'ఎవరికీ చెప్పరాదు' అని కూడా ఉంది.

దాంతో, కేబుళ్ళన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ లోపలికి వెళ్ళగానే వదిన అన్న మొదటి మాట, "ఏదీ మార్చకముందే ఉన్న సెట్టింగులన్నీ ఒక కాపీ తీసిపెట్టు."

"అవతల మూడువందల మంది ప్రాణాల మీదకొచ్చింది వదినా."

"ప్రాణాల మీదకొచ్చినప్పుడే కాపీ కావలసి వచ్చేది. మూడు నిమిషాల పని. కమాండ్ గుర్తులేకపోతే ప్రశ్నార్థకం కొట్టు. తరవాత ఏం కొట్టాలో స్విచ్చే చెబుతుంది. నీకంటే దానికి ఓపికెక్కువ."

మూడు నిమిషాలు ఏడు నిమిషాలయ్యాయి. ఆ తరవాత వదిన చెప్పిన కమాండ్ కొట్టాడు. ఏ పోర్టు, అంటే స్విచ్‌లో కేబుల్ దూర్చే ఏ రంధ్రం, అవతల ఏ యంత్రం ఉందో చూపించే పట్టిక తెర మీదకు వచ్చింది. నూటనలభై వరసలు. వేలితో ఒక్కొక్కటే దిగుతూ వచ్చాడు. 9E4C. పదిహేడో పోర్టు.

"దొరికింది. మూసేస్తున్నాను."

"చెయ్యి తియ్యి," అంది వదిన. ఆ గొంతు విని అన్నయ్య ఇన్నేళ్ళుగా ఇంట్లో ఎందుకంత నెమ్మదిగా ఉంటాడో ముంగిసకు అర్థమైంది. "పదిహేడు మీద ఇంకేమున్నాయో చూడు. మూడు నంబర్లున్నాయి. రెండోది గేట్ల ప్యానెల్‌ది. అంటే అవతల ఎక్కడో ఎవరో చిన్న స్విచ్ ఒకటి తగిలించి, ప్యానెల్‌నీ ఈ డబ్బానీ దానికే తగిలించారు. ఇక్కడ పోర్టు మూస్తే ప్యానెల్ కూడా తెగుతుంది. పన్నెండు దాకా ఆగే పని ఉండదు, గేట్లు ఇప్పుడే లేస్తాయి. ఆ చిన్న స్విచ్ దగ్గరకే వెళ్ళాలి."

"ఎక్కడుంది అది?"

"చీటీ ఉంటే చెప్పేదాన్ని."

అప్పుడే తలుపు దగ్గర సన్నని సెంటు వాసన వచ్చింది. బూడిదరంగు సూటు, మోచేతి మీద తోలు హ్యాండ్‌బ్యాగ్, తలమీదకు నెట్టిన నల్లకళ్ళద్దాలు. బయటి కంపెనీ తరఫున వచ్చే సెక్యూరిటీ ఆడిటర్. కోడ్ నేమ్ హంస. రెండేళ్ళుగా ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు మోస్తున్న మనిషని చీఫ్ చెప్పాడు.

"లిఫ్టు పనిచేస్తోందా?" అని అడిగిందామె.

"మెట్లే నయం," అన్నాడు ముంగిస. కోడ్ సరిపోయింది.

హంస ఒక పెద్ద కాగితం అతని ముందు పరిచింది. ఆఫీసు నెట్‌వర్క్ పటం. రంగులు, బాణాలు, ప్రతి పోర్టుకూ పేరు. పదిహేడో పోర్టు, రెండో అంతస్తు మీటింగ్ హాలు. ముంగిసకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది. పొద్దుటినుంచి ఇన్ని సంగతులు తెలిసిన కాగితం ఒక్కటీ చూడలేదు.

మీటింగ్ హాల్లో ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. బల్లల కింద పాకాడు, తివాచీ ఎత్తాడు, సీలింగ్ పలకలు నాలుగు ఊడదీశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. పదకొండు దాటింది.

"మరిదీ, ఆ పటం మళ్ళీ చూపించు," అంది వదిన. దాన్ని మూలమూలా చూసింది. "ఒక్క కొట్టివేత లేదు. పెన్నుతో దిద్దింది లేదు. టీ మరక కూడా లేదు. వాడుకలో ఉన్న పటం ఇలా ఉండదయ్యా. ఇది నీకోసం గీసింది. కిందకు నడువు."

"హంస మన మనిషి వదినా."

"నేను మనిషి గురించి మాట్లాడటం లేదు. పటం గురించి మాట్లాడుతున్నాను."

ముంగిస మెట్లు రెండేసి దిగాడు. ఏది ఎప్పుడు తగిలించారో స్విచ్ రాసుకునే లాగ్ తెరిచాడు. 9E4C మొదటిసారి కనపడింది గత సోమవారం తెల్లవారుజామున మూడూ పన్నెండుకు.

"ఆ వేళకు ఆఫీసుకు తాళం. గోడ దూకి ఉంటారు."

"నీకు గోడలు తప్ప ఏమీ తోచవా? స్విచ్‌ను ఇప్పుడు టైమెంతో అడుగు."

అడిగాడు. అర్ధరాత్రి దాటి ఒంటిగంట ఇరవై అని చెప్పింది. గోడ గడియారంలో పదకొండూ పది.

"పెట్టినప్పటినుంచీ దాని గడియారం సరిచేసిన పాపాన పోలేదు. తొమ్మిది గంటల యాభై నిమిషాలు వెనక ఉంది. అన్ని యంత్రాలూ ఒకే టైమ్ చూపించకపోతే లాగ్ ఎందుకు, నీళ్ళ మీద రాతే కదా? మూడూ పన్నెండుకు తొమ్మిదీ యాభై కలుపు."

"మధ్యాహ్నం ఒంటిగంటా రెండు."

"ఆ వేళకు అందరూ ఎక్కడుంటారు?"

* * *

భోజనాల గది కంట్రోల్ రూమ్ పక్కనే ఉంది. నాలుగు బల్లలు, ఒక సింకు, గోడకు టీవీ. అరగంట వెతికాక కనపడింది, నీళ్ళ ఫిల్టర్ వెనక, తడి గోడకు ఆనించి, అరచేతంత స్విచ్. దాన్నుంచి ఐదు కేబుళ్ళు. ఐదూ నీలం. ఐదూ ఒకే ప్లాస్టిక్ గొట్టంలోకి దూరి సీలింగ్ పైకి మాయమవుతున్నాయి.

"సీలింగ్ విప్పి చూస్తాను."

"ముప్పై అడుగుల గొట్టం. నీకు పద్నాలుగు నిమిషాలే ఉన్నాయి. ఎవరు పెట్టారో వాళ్ళని అడుగు. లోపలి మనిషి పనే ఇది. దొంగైతే కేబుళ్ళను ఇంత పద్ధతిగా గొట్టంలో దాచడు."

గదిలో ఉన్నది ఒక్కరే, గేట్ల ఆపరేటర్. నలభై ఏళ్ళుంటాయి. డ్యూటీ మధ్యలో టిఫిన్ డబ్బా కడుక్కుంటోంది. ముంగిసను చూసి కొళాయి కట్టేసింది.

"అమ్మా, దీనికి కొత్త తీగ ఎవరు తగిలించారు?"

"నాకు తెలీదు సార్."

"వారం క్రితం. భోజనాల వేళ."

"తీగల సంగతి మాకెందుకు సార్. ప్యానెల్ తీగ ఎలక కొరికితే, ఇప్పుడు సెలవులో ఉన్న పెద్దాయనే దీంట్లోంచి లాగారు. తాత్కాలికం అన్నారు. మూడేళ్ళయింది. అంతకుమించి నాకేం తెలీదు."

"ఏమీ అనను. ఎవరికీ చెప్పను."

"పెద్దాయనా ఇలాగే అన్నారు సార్. హీటర్ తీగ ఒకటి పెట్టినందుకు ఆర్నెల్లు తిట్టారు."

పదకొండూ యాభై. చీఫ్ మాట గుర్తుంది. ఎవరికీ చెప్పకూడదు. కానీ ఈమె గురించి ఫైల్లో చదివిన ఒక వాక్యం కూడా గుర్తుంది. ముంగిస కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ ఆయన కింద ఏట్లో క్రేన్ నడుపుతాడు కదా."

ఆమె చేతిలో డబ్బా మూత కదలడం ఆగిపోయింది.

"పన్నెండింటికి గేట్లన్నీ లేస్తాయి. లేపేది ఈ ఐదింట్లో ఒక తీగ. ఇంకో తీగ పొరపాటున పీకితే ఇప్పుడే లేస్తాయి. అంతకుమించి నాకూ తెలియదు తల్లీ."

ఆమె గోడనానుకుని నిలబడిపోయింది.

"ఇక్కడ సిగ్నల్ ఉండదు సార్. మధ్యాహ్నం ఆయనతో వీడియోలో మాట్లాడుతూ తింటాను. ఇద్దరివీ వేరువేరు షిఫ్టులు, ఆ పావుగంటే మాకు దక్కేది. ఆడిటర్ మేడమ్ చూసి, ఇదిగో సిగ్నల్ డబ్బా, సీలింగ్ పైన పెట్టుకో, పెద్దాయనకు చెప్పకు, తిడతాడు అన్నారు. బల్లెక్కి నేనే పెట్టాను, తీగా నేనే తగిలించాను."

"ఏ తీగ?"

"ఎవరూ కదలొద్దు," అంది తలుపు దగ్గర హంస. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ బిగించిన పిస్తోలు తొంగిచూస్తోంది. "ముంగిసా, నువ్వు ఈ బల్ల దగ్గరకు రా. చేతులు కనపడాలి."

అతను వచ్చాడు. ఆపరేటర్ ఫిల్టర్ పక్కనే, సింకుకు వీపు పెట్టి నిలబడి ఉంది.

"ఇతనికి ఏ తీగో చెప్పావా?" అని ఆమెను అడిగింది హంస.

"అన్నీ ఒకటే రంగు మేడమ్. వారం అయింది. ఎవరికి గుర్తుంటుంది?"

హంస నవ్వి, ఆ తరవాత ఆమెవైపు చూడనే లేదు. డబ్బాలు కడుక్కునే మనిషిని ఎక్కువసేపు చూసే అలవాటు ఆమెకు లేదు.

"ఐదు నిమిషాలు కూర్చుందాం," అంది ముంగిసతో. "నీ డిపార్ట్‌మెంట్ ఇచ్చేదానికి పదింతలు ఇస్తారు వాళ్ళు. ఆలోచించుకో."

"పటం బాగా గీశావు," అన్నాడు ముంగిస. "మా వదినకు నచ్చలేదు."

గోడ గడియారం ముల్లు ఒక్కొక్క గీతే దాటుతోంది. సర్వర్ గదిలో స్విచ్‌కు తగిలించి వచ్చిన లాప్‌టాప్ మీదుగా వదిన పదిహేడో పోర్టునే చూస్తూ ఉందని అతనికి తెలుసు. పదకొండూ యాభై తొమ్మిది. హంస చూపు గడియారం మీద. ఆపరేటర్ చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది. ముంగిస దగ్గాడు. పెద్దగా, ఆగకుండా, క్షయ రోగిలా దగ్గాడు. ఆ దగ్గులో చిన్న క్లిక్ ఒకటి కలిసిపోయింది.

"9E4C పోయింది," అంది వదిన గొంతు. "ప్యానెల్ ఉంది. మరిదీ, ప్యానెల్ ఉంది."

పన్నెండయింది. హంస కిటికీవైపు చెవి పెట్టింది. నీటి హోరు లేదు. దూరంగా క్రేన్ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డ ఆ అరక్షణం ముంగిసకు చాలు. బల్ల ఎగిరి ఆమె మోకాళ్ళకు తగిలింది. పిస్తోలు సింకులో పడింది. ఆపరేటర్ దాన్ని టిఫిన్ డబ్బాతో మూసేసి, సిగ్నల్ కోసం ఫోను కిటికీలోంచి బయటకు చాపి ఎవరికో నంబరు నొక్కసాగింది. రెండుసార్లు తప్పు నంబరు పోయింది.

* * *

గట్టు మీది దుర్భిణి మనిషి సాయంత్రానికల్లా దొరికాడు. మర్నాడు డ్యామ్ ఆఫీసునుంచి డిపార్ట్‌మెంట్‌కు కవరు వచ్చింది. చీఫ్ దాన్ని ముంగిస చేతికిచ్చి కిటికీలోంచి బయటకు చూడసాగాడు.

'పనివేళల్లో, ముందస్తు దరఖాస్తు లేకుండా, నడుస్తున్న కేబుల్ ఒకటి తొలగించబడినట్లు మా దృష్టికి వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వగలరు.' కింద, సెలవునుంచి వచ్చిన నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ సంతకం.

ముంగిస ఆ కాగితం వదినకు ఫోన్లో చదివి వినిపించాడు. రెండోసారి చదివేటప్పుడు గొంతు పెరిగింది. మూడువందల పన్నెండు మందిని కాపాడితే సంజాయిషీ అడుగుతారా అన్నాడు. రాజీనామా రాసి పారేస్తానన్నాడు. వదిన మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నది.

"ఆయన అడిగిందాంట్లో తప్పేముందయ్యా?" అంది చివరికి. "ఏ పోర్టు, ఎన్నింటికి, ఎందుకు, ఎవరు పీకారు, నాలుగూ శుభ్రంగా రాసి పంపించు. ఆ ఆఫీసులో ఒక్క కేబుల్ గురించయినా కాగితం ఉన్నట్టవుతుంది."