వినగడప ప్రమీలారాణి

శర్వాణికి ప్రమీలారాణి మీద ఒళ్ళు మండడానికి ఆ మనిషి మొహం చూడాల్సిన అవసరం కూడా రాలేదు. పేరు చాలింది.

ఆ పేరు మామిడి రేట్ల వెబ్‌సైటుకి వచ్చిపోయేవాళ్ళ పట్టికలో కనిపించింది. రెండువేల ఆరు ఎండాకాలం. తిరువూరు బస్టాండు ఎదురుగా ఏడుకొండలు గారి నెట్ సెంటర్లో ఆ సైటు తయారుచేసింది విశ్వతేజ. రోజూ పొద్దున్నే మార్కెట్ యార్డులకి ఫోన్లు చేసి, బంగినపల్లి ఎంత, కలెక్టరు కాయ ఎంత అని కనుక్కుని ఎక్కించేది శర్వాణి. పేరూ ఊరూ రాయందే ఎవరూ రేట్లు చూడకూడదని రూలు పెట్టింది కూడా ఆమే.

ఆ రూలే ఇప్పుడు కొంప ముంచింది. పేరు: ప్రమీలారాణి. ఊరు: వినగడప. విశ్వతేజదీ అదే ఊరు.

పది నిమిషాలకోసారి వస్తోంది. అన్నం వేళా వస్తోంది, అర్ధరాత్రీ వస్తోంది. చెట్టు నిండా కాయలున్న రైతులే రోజుకి రెండుసార్లకి మించి చూడరు. ఈవిడకి ఎన్ని ఎకరాల తోట ఉందో!

"మన సైటంటే వినగడపలో కొందరికి మహా ఇష్టంలా ఉందండీ," అంది ఒకరోజు, ఫ్యాను వైపు చూస్తూ.

విశ్వతేజ నవ్వాడు. "ప్రమీలారాణా? మహా నమ్మకస్తురాలండీ. ఆవిడుండబట్టే నేను నిశ్చింతగా నిద్రపోతున్నా."

ఇంతలో ఎవరో ప్రింటవుట్ అడిగితే లేచి వెళ్ళిపోయాడు. ఆ పూట శర్వాణి కలెక్టరు కాయ రేటు బంగినపల్లి గడిలో కొట్టింది. వెంటనే దిద్దుకుందనుకోండి. మనసు దిద్దుకోవడమే కుదర్లేదు.

మర్నాడు ఏడుకొండలు గారు చల్లగా చెప్పారు. "మనవాడు రెండ్రోజులు సెలవమ్మా. ఊళ్ళో పెళ్ళిచూపులట."

"పిల్ల పేరేంటండీ?"

"చెప్పలేదు."

చెప్పక్కర్లేదు. పది నిమిషాలకోసారి తెలుస్తూనే ఉంది.

బీఎస్సీలో నేర్చుకున్న కంప్యూటర్ విద్యంతా ఆ ఉదయం ఒక్క బటన్ నొక్కడానికి పనికొచ్చింది. ప్రమీలారాణి పేరు పక్కన 'బ్లాక్'. నొక్కాక ప్రాణానికి హాయిగా అనిపించి, టీ కూడా తెప్పించుకుంది.

గంట తిరక్కుండా వాన. వానలో బండి. బండి మీద ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయిన విశ్వతేజ.

"సైటు పడిపోయిందండీ!" అన్నాడు గుమ్మంలోంచే.

"లేదే! బ్రహ్మాండంగా నడుస్తోంది."

"మరి ప్రమీలారాణి లోపలికి వెళ్ళలేకపోతున్నానని మెసేజ్ పెట్టిందే! నాలుగుసార్లు!"

"మెసేజీలు కూడా పెడుతుందా!" శర్వాణి కుర్చీలోంచి లేచింది. "ఎదురుగా కూర్చోబెట్టుకునేగా పెళ్ళిచూపులు? నోటితో చెప్పొచ్చుగా!"

విశ్వతేజ మొహం తుడుచుకోవడం ఆపాడు. "దానికి నోరెక్కడిదండీ? అది ప్రోగ్రాము."

"ఏంటీ?"

"నేను రాసిందే. పది నిమిషాలకోసారి సైటు తెరిచి చూస్తుంది. తెరుచుకోకపోతే నా ఫోనుకి కబురు. పేరూ ఊరూ లేందే రానివ్వనని మీరేగా రూలు పెట్టారు! మా వీధిలో పాలుపోసే ఆవిడ పేరు ఇచ్చా. అరవై ఏళ్ళుంటాయి, ఒక్క పూట నాగా పెట్టదు."

శర్వాణి నెమ్మదిగా కూర్చుంది. పదిహేను రోజులుగా కుళ్ళుకున్నది పాలావిడ పేరు పెట్టుకున్న ప్రోగ్రాము మీదన్నమాట.

"పెళ్ళిచూపుల్లోంచి లేచొచ్చేశారా? సైటు కోసం?"

"బండెక్కేటప్పుడు సైటు కోసమే. గంపలగూడెం దాటాక తెలిసింది, పిల్లని చూడకుండా వచ్చినందుకు ఎంత హాయిగా ఉందో."

బయట వాన పెరిగింది. శర్వాణి కీబోర్డు దుమ్ము దులిపింది. దాని మీద దుమ్మేం లేదు.

"పెట్టడానికి ఇక్కడెవరి పేరూ దొరకలేదా మీకు?"

"మీ పేరే పెట్టానండీ ముందు. రోజుకి నూట నలభై నాలుగుసార్లు ఆ పేరు కనపడుతుంటే ఇంక నేనేం పని చెయ్యను? ఒక్క పూటకే తీసేశా."

ఆమె ముందు బ్లాక్ తీసేసింది. ప్రమీలారాణి పేరు చెరిపేసింది. శర్వాణి అని కొట్టింది. ఊరు గడిలో తిరువూరు అని కొట్టి, ఒక్క క్షణం ఆగి, అదీ చెరిపేసి వినగడప అని కొట్టింది.

"ఊరు తప్పు పడిందండీ," అన్నాడు విశ్వతేజ.

"తప్పేం లేదు. కావాలంటే మీ అమ్మగారిని మా ఇంటికొచ్చి మా నాన్నగారిని అడగమనండి."

పది నిమిషాల తర్వాత పట్టికలో కొత్త పేరు వచ్చింది. మరో పది నిమిషాలకి మళ్ళీ వచ్చింది. విశ్వతేజ భయపడ్డట్టే, ఆ రోజు ఇద్దరూ ఇంకే పనీ చెయ్యలేదు.