ఆ గుండె ఎవరిది?

“మిషిను మంచిగనే ఉన్నదంటున్నరు సారూ. మరి నా మొగడెట్ల సచ్చిండు?”

ఉప్పల్ బస్ డిపో ఎదురుగా, జిరాక్స్ షాపు పైనున్న చిన్న గదిలో కుర్చీ అంచున కూర్చుని అడిగింది ఐలమ్మ. ఆమె ఒళ్లో ఓ ప్లాస్టిక్ కవరు ఉంది. ప్రైవేటు డిటెక్టివ్ త్రిమూర్తులు తొందరపెట్టలేదు. అసిస్టెంటు ప్రజ్ఞ మంచినీళ్లు అందించింది. ఒకప్పుడు ఆస్పత్రిలో ఈసీజీలు తీసిన ప్రజ్ఞ ఆయన దగ్గర చేరి మూడేళ్లయింది. ఊరికే కూర్చునే ఎదుటివాళ్ల చేత అంతా చెప్పించే ఆయన ఓపిక ఆమెకు ఇప్పటికీ వింతే.

ఐలమ్మ భర్త హనుమాండ్లు మల్లాపూర్‌లో లేతు పనివాడు. నాలుగేళ్ల కిందట గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డాడు. నాచారంలో ఓ చిన్న కంపెనీ ఛాతీకి అంటించుకునే పట్టీ ఒకటి తయారుచేసింది. గుండెకు రక్తం తగ్గితే అది ముందే పసిగట్టి ఫోన్లో ఎర్రగుర్తు చూపిస్తూ మోగుతుంది. అంతా బాగుంటే పచ్చగుర్తు. ఇంకా అమ్మకానికి రాలేదు, నలభై మందికి అంటించి పరీక్షిస్తున్నారు. ఆ నలభై మందిలో హనుమాండ్లు ఒకడు.

“ఆ దినం పొద్దుగాల నాలుగున్నరకెల్లి రొమ్ము వట్టుకొని ఇంట్ల ఇటు అటు తిరుగుతనే ఉన్నడు. రెండుసార్లు కక్కిండు. దవాఖానకు పోదం పా అంటే ఫోను సూపెట్టిండు. ‘పచ్చగున్నది గదనే, గ్యాసుంటది, ఫికర్ జెయ్యకు’ అన్నడు. ఆరింటికి కూలవడ్డడు.”

“అంతకుముందు ఎప్పుడైనా ఎర్రగా మోగిందా అమ్మా?”

“ముందటి వారం మూడుసార్లు మోగింది. దవాఖానల సూసి ఏం లేదన్నరు. గా తర్వాత మల్ల మోగలె.”

కవరులో పాత గుండెపోటు తర్వాత తీసిన ఈసీజీ కాగితాలున్నాయి. త్రిమూర్తులు వాటిని ప్రజ్ఞ చేతిలో పెట్టాడు.

మర్నాడు ఇద్దరూ నాచారం వెళ్లారు. కంపెనీ పెట్టిన అభినవ్‌కు ముప్ఫై దాటవు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “సారీ సర్, ఇప్పుడే లేచాను. తెల్లారేదాకా కోడింగ్, పదింటిదాకా నిద్ర. ఇదే నా లైఫ్” అంటూ, హనుమాండ్లు చనిపోయిన రోజు పట్టీ నమోదు చేసిన గుండె రికార్డు ప్రింటు తీసిచ్చాడు. “చూడండి. నాలుగు నుంచి ఆరు దాకా అంతా నార్మల్.”

పట్టీలు అంటించే రంజిత్‌ది హనుమాండ్లు వాళ్ల బస్తీయే. “మామకు మూడుసార్లు మోగిందని ఇద్దరు సార్లకు మెసేజ్ వెట్టిన. ఇగ నేనేం జేస్త? పొద్దున ఐదింటికి బండి మీద పాల ప్యాకెట్లేస్త, తర్వాత గీ కొలువుకొస్త” అన్నాడు తల వంచుకుని.

పట్టీని కనిపెట్టిన ఉమామహేశ్వర్ రిటైరైన ప్రభుత్వ శాస్త్రవేత్త. తెల్లటి చొక్కా, నెమ్మదైన మాట. “నా భార్య గుండెపోటుతో, నొప్పి కూడా తెలియకుండా పోయిందండీ. నేను పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. ఆ రోజు నుంచీ ఇదే నా పని. అమ్మకానికి అనుమతి ఇవ్వాలా వద్దా అని వచ్చేనెల నిపుణుల కమిటీ చూస్తుంది.” లేస్తుంటే ఆయనే అన్నాడు: “ఏమైనా అడగాలంటే ఉదయం ఆరు దాటాక ఫోన్ చేయండి. ఐదింటికి ప్రాణాయామంలో కూర్చుంటాను. ఇరవై ఏళ్లుగా ఒక్కరోజు తప్పలేదు.”

ఉప్పల్ గదికి తిరిగొచ్చి ప్రజ్ఞ పాత ఈసీజీలనూ కంపెనీ ఇచ్చిన రికార్డునూ పక్కపక్కన పరిచింది. చాలాసేపటికి తలెత్తింది.

“సర్, గుండెపోటు ఈయనకు చెరగని గుర్తు వదిలింది. ఆ తర్వాత ఏటా తీసిన ప్రతి ఈసీజీలోనూ అది ఉంది. ఈ రికార్డులో లేదు.”

“ఇంకా?”

“ఐదు దాటాక గుండె వేగం అలలా పెరుగుతోంది, తగ్గుతోంది. ఊపిరి తీస్తే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. మామూలుగా ఇంత స్పష్టంగా ఉండదు.”

త్రిమూర్తులు పెన్సిలుతో ఒక నిమిషం మేర అలలు లెక్కపెట్టాడు. ఆరు. తర్వాతి నిమిషంలోనూ ఆరే. “రేపు అందర్నీ పిలుద్దాం” అన్నాడు.

కంపెనీ హాల్లో అభినవ్, రంజిత్, ఉమామహేశ్వర్ ఒకవైపు కూర్చున్నారు. ఐలమ్మ గోడవారగా నిలబడింది, ఎంత చెప్పినా కూర్చోలేదు.

“ఈ రికార్డు హనుమాండ్లుది కాదు” అన్నాడు త్రిమూర్తులు. “ఆయన గుండె మీది పాత మచ్చ ఇందులో లేదు. పైగా, ఆయన వాంతులతో ఇల్లంతా తిరుగుతున్న సమయంలో ఇందులోని మనిషి నిశ్చలంగా కూర్చున్నాడు. అభినవ్ గారూ, హనుమాండ్లు పట్టీ అలారం సెట్టింగు తెరవండి.”

అభినవ్ కంప్యూటర్ మీద వంగాడు. “ఆఫ్ చేసి ఉంది... చనిపోవడానికి నాలుగు రోజుల ముందు. ఇది ఆపేస్తే ఫోన్లో ఎప్పుడూ పచ్చగుర్తే ఉంటుంది. ఎవరు చేశారో ఉండదు సర్. పాస్‌వర్డ్ నాదీ ఉమామహేశ్వర్ గారిదీ ఒకటే.”

“అలారం ఆపినవారే, మనిషి పోయాక అసలు రికార్డు తీసేసి ఇంకొకరిది పెట్టారు. ఆ ఇంకొకరు తెల్లవారుజామున నలభై నిమిషాలు నిమిషానికి ఆరు ఊపిరులే తీశారు. ఆ వేళకు రంజిత్ బండి మీద ఉంటాడు. అభినవ్ కోడింగ్‌లో ఉంటాడు. ఆ వేళకు ప్రాణాయామంలో కూర్చునేది ఇక్కడ ఒక్కరే. మాస్టారూ, మీ పట్టీని మొదట మీ ఛాతీకే అంటించుకుని పరీక్షించారు కదూ?”

ఉమామహేశ్వర్ కళ్లద్దాలు తీశాడు. తుడవలేదు, ఊరికే పట్టుకున్నాడు.

“పాత మచ్చ వల్ల పట్టీ పొరబడుతోందనుకున్నాను. ఆస్పత్రి కూడా ఏమీ లేదంది. ఉత్తుత్తి అలారాలు ఎక్కువైతే కమిటీ తిప్పికొడుతుంది. కొన్నాళ్లే కదా అని ఆపాను. ఆయన పోయాక అసలు రికార్డు చూశాను. గంటన్నర... గంటన్నరసేపు పట్టీ నిజమే చెప్పింది. వినే దారి నేనే మూసేశాను.”

రంజిత్ “థూ!” అని లేవబోతే త్రిమూర్తులు చేయి అడ్డం పెట్టాడు.

ఐలమ్మ మాత్రం తిట్టలేదు, ఏడవలేదు. గోడను వదిలి రెండడుగులు ముందుకొచ్చింది.

“సారూ, ఇంకెవలెవలివి బందువెట్టినవ్?”

ఆ ప్రశ్న డిటెక్టివ్‌కు కూడా తట్టలేదు. ఉమామహేశ్వర్ తలెత్తకుండానే చెప్పాడు. “ఇంకొక్కరిది. నాగోల్... వెంకటరామయ్య.”

అభినవ్ నంబరు చదివాడు. ప్రజ్ఞ స్పీకర్ పెట్టి కలిపింది. మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి అలాగే. మూడోసారి ఎవరో ఆడమనిషి ఎత్తింది.

“ఆయన పడుకున్నారండీ. పొద్దుట్నుంచీ ఎడమచెయ్యి లాగుతోందంటున్నారు. పట్టీ పచ్చగానే ఉందిగా అని...”

ఐలమ్మ ప్రజ్ఞ చేతిలోంచి ఫోను లాక్కుంది.

“అక్కా, నువ్వు మిషిన్ను సూడకు. మనిషిని సూడు. లే, ఇప్పుడే దవాఖానకు తోల్కపో. ఫోను వెట్టెయ్యకు, ఆటో ఎక్కేదాంక నాతోని మాట్లాడు.”

ఫోన్లో తలుపు చప్పుడు, ఎవరినో కేకేసిన గొంతు, కాసేపటికి ఆటో స్టార్టయిన శబ్దం వినిపించాయి. ఐలమ్మ అప్పుడు కూర్చుంది. భర్త పోయిన పన్నెండు రోజులకు, మొట్టమొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చింది.