కుర్చీకి లేని నాలుగో కాలు

“రేపు పుస్తకం ప్రెస్సుకెళ్లాలి. నా బొమ్మలు పోయాయండీ!” అంటూ డిటెక్టివ్ ఎదుట కూలబడింది పరిశోధకురాలు. బళ్లలో బొమ్మలు గీయడం ఎలా నేర్పారన్న చరిత్రకి ఆమె సగం జీవితం ధారపోసింది.

పాలకపార్టీ గుర్తు మూడుకాళ్ల కుర్చీ. నాయకుడు చిన్నప్పుడు బళ్లో గీసిన బొమ్మ అది. లేని నాలుగో కాలు ప్రజలేనని పార్టీ అంటుంది. కాదు, పసితనంలోనే పోయిన తండ్రి అని లావుపాటి గ్రంథం రాసి పేరు తెచ్చుకున్నాడు ఆమె అక్క భర్త, మనోవిశ్లేషణ డాక్టరు.

ఆ తరగతి పిల్లలందరి బొమ్మల కట్ట ఈమధ్యే ఆమెకు దొరికింది. తడిసి అంటుకుపోయిన కాగితాలు. పైనున్న నాయకుడి బొమ్మ ఊడొచ్చింది. మిగతావి ఆరాక విడదీద్దామని తన గదిలో బరువు కింద పెట్టింది. తెల్లారేసరికి నాయకుడి బొమ్మ ఉంది, కట్ట లేదు.

“పార్టీవాళ్ల పనే సార్,” అన్నాడు అసిస్టెంట్.

“వాళ్లయితే నాయకుడి బొమ్మ వదిలేసి పోతారా?” విసుక్కున్నాడు డిటెక్టివ్.

కట్ట సంగతి తెలిసింది ముందురోజు ఆమె ఇంటికొచ్చిన పబ్లిషర్‌కీ, డాక్టరుకీ మాత్రమే. పబ్లిషర్ మండిపడ్డాడు. “ఆధారం లేకపోతే ఆ కుర్చీ బొమ్మ అధ్యాయం పీకేస్తానని మొహంమీదే చెప్పాను. నాకు దొంగతనమెందుకండీ?”

డాక్టరు తల పట్టుకున్నాడు. “ఎవరో పిల్లలు గీసిన మూడుకాళ్ల కుర్చీల కోసం డిటెక్టివా! గోరంతని కొండంత చేస్తావేంటమ్మా?”

డిటెక్టివ్ అందర్నీ ఆమె గదిలో కూర్చోబెట్టాడు.

“పబ్లిషర్‌గారు అచ్చు ఆపితే చాలు, దొంగతనం అక్కర్లేదు. మరి డాక్టరుగారూ, మిగతా పిల్లలూ మూడుకాళ్ల కుర్చీలే గీశారని మీకెలా తెలిసింది? ఆ కాగితాలు ఎవరూ విడదీయనేలేదే!”

డాక్టరు ఒప్పుకున్నాడు. “నేను విడదీశాను. అందరూ మూడే గీశారు. అందరి తండ్రులూ పోయి ఉంటారా? నా గ్రంథం నవ్వులపాలయ్యేది. కాల్చేశాను.”

“అప్పటి బళ్లలో పద్ధతే అది. మేష్టారు బల్లమీద కుర్చీ పెట్టి చూసి గీయమన్నారు,” అంది పరిశోధకురాలు. “నాలుగో కాలు వాళ్లకి కనపడలేదు బావగారూ. అంతే.”

అసిస్టెంట్ గురువుగారిని కళ్లార్పకుండా చూస్తున్నాడు. డిటెక్టివ్‌కి మాత్రం ఒళ్లు మండిపోతోంది. దొంగ దొరికినా సొత్తు బూడిదైంది.

ఆమె ఏడవలేదు. కాగితం తెచ్చి డాక్టరు ముందు పెట్టింది.

“వాటిని చూసింది మీరొక్కరే. ఇక నా ఆధారం మీరే. ఏం చూశారో రాసి సంతకం పెట్టండి.”

“నా పుస్తకాన్ని నా చేత్తోనే చంపుకోమంటావా?”

“నా పుస్తకాన్ని చంపేటప్పుడు నన్నడిగారా?”

పబ్లిషర్ గొంతు సవరించుకున్నాడు. “రేపు పొద్దున్నకల్లా నాకందాలి డాక్టరుగారూ.”

డాక్టరు కలం మూత తీశాడు.