ఎర్రదీపం కింద ఐదో తరగతి

మూడో రోజూ ఎర్రదీపం మారలేదు.

చంద్రుడి మీద కొత్త సామర్లకోట ప్రాథమిక పాఠశాలలో, ఐదో తరగతి గోడ మీద నుంచి అది అందరినీ గుడ్లురిమి చూస్తోంది. రెండు గంటలకల్లా పచ్చబడకపోతే కనకవల్లి టీచర్ తరగతి రద్దు. ఆమెను భూమికి పంపేస్తారు. ఇరవై ఇద్దరు పిల్లల్నీ తలా ఒక బోధనపెట్టెలో కూర్చోబెడతారు. ఇక మరబొమ్మే వాళ్ళకు పంతులు. అప్పటికి ఒంటిగంటా ఇరవై అయింది.

"మా స్కూలు పరువు తీసేసిందండీ ఈ పాడు దీపం!" అంటూ హెడ్మాస్టర్ పల్లంరాజు విసురుగా లేచారు. చంద్రుడి మీద బరువు ఆరో వంతే కదా, రెండడుగులు గాల్లోకి లేచి తీరిగ్గా దిగారు.

"దీపం తప్పేం లేదు సార్" అంది డాక్టర్ యశస్విని, చేతిలోని కంప్యూటర్ పలకలోంచి తలెత్తకుండా. తయారుచేసింది తనే మరి.

ఆ యంత్రం పేరు బోధమాపని. ఏ బడిలోనైనా టీచరు "అర్థమైందా?" అంటే చాలు, పిల్లలంతా ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్!" అంటారు. అందులో సగం బొంకే. పాఠం బుర్రకెక్కకుండా తల ఊగినప్పుడు మెదడులో ఒక సన్నని అల పుడుతుంది. పదకొండేళ్ళు తంటాలు పడి యశస్విని దాన్ని పట్టుకుంది. పరిశోధన పత్రాల్లో దాని పేరు ఫాల్స్ కాంప్రహెన్షన్ వేవ్; తెలుగులో ఊకొట్టు తరంగం. ఆ ప్రశ్నకు తల ఊపిన ప్రతి బుర్రా యంత్రానికి విద్యార్థే. ఒక్క బుర్ర బొంకినా ఎర్రదీపం. బొంకినవారు లేచి "నాకు అర్థం కాలేదు" అని పైకి ఒప్పుకుంటేనే పచ్చదీపం. పిల్లలు సిగ్గుపడతారని పేరు మాత్రం చెప్పదు, ఎంతమందో చెబుతుంది.

"ఒకరు" అంది బోధమాపని, మూడు రోజుల్లో నలభయ్యోసారి.

"ఒక్కొక్కరినీ బయటికి పంపుదాం. ఎవరు వెళ్ళాక 'ఎవరూ లేరు' అంటుందో వాళ్ళే" అంది యశస్విని.

కనకవల్లి టీచర్ మళ్ళీ రొట్టె తీసుకుంది. పాఠం భిన్నాల భాగహారం. సగం రొట్టెలో పావు ముక్కలెన్ని? "అర్థమైందా?" ఒకరు బయటికి. "అర్థమైందా?" ఇంకొకరు బయటికి. ప్రతిసారీ యంత్రం "ఒకరు" అంటూనే ఉంది.

చివరగా మిగిలిన హంసిని గుమ్మం దగ్గర ఆగింది. "మాకెందుకు అర్థంకాదండీ? టీచర్ రొట్టె తుంచి మరీ చెప్పారు. తినేశాం కూడాను!"

ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఖాళీ బెంచీలకు పాఠం చెప్పి "అర్థమైందా?" అంది టీచర్.

"ఒకరు."

యశస్విని మెల్లగా హెడ్మాస్టర్ వైపు తిరిగింది.

"నన్నెందుకు చూస్తారండీ? నేను లెక్కల్లో బీయెస్సీనండీ బాబూ!" పల్లంరాజు నుదురు తుడుచుకున్నారు. "అయినా పోతాను. చచ్చినట్టు పోతాను." పోయారు, ద్వారబంధానికి తల కొట్టుకుని మరీ.

గంట ఒకటీ యాభై.

"సగం రొట్టెలో పావు ముక్కలు రెండు. అందుకే తిరగేసి గుణిస్తాం. అర్థమైందా?"

"ఒకరు."

యంత్రం చెడిందనుకుంది యశస్విని. ఎల్లుండి భూమి మీద నాలుగు వందల బడుల్లో బిగించాల్సిన యంత్రం! అంతలో తన మెడ ఇంకా కిందికీ పైకీ ఆడుతోందని తెలిసి, చేత్తో పట్టి ఆపింది.

"మూడు రోజుల్నించీ చూస్తున్నానమ్మా" అంది కనకవల్లి నెమ్మదిగా. "మీరా పలకలోంచి తలెత్తలేదు. నేనడిగినప్పుడల్లా మాత్రం అందరికంటే ముందు తల ఊపేస్తున్నారు."

"మరి చెప్పలేదేం? మీ ఉద్యోగం పోతుందని తెలుసుగా!"

"తెలుసు. కానీ తరగతిలో నలుగురి ముందూ ఎవర్నీ తక్కువచేసి మాట్లాడనమ్మా. అది నాకు చేతకాదు. రండి, ఇంకోసారి చెబుతాను. సగాన్ని పావుతో భాగించేటప్పుడు ఎందుకు తిరగేస్తాం?"

యశస్విని రెండు డాక్టరేట్లూ గాలించింది. జవాబు లేదు. ఐదో తరగతిలో తల ఊపింది, కాలేజీలో ఊపింది, మౌఖిక పరీక్షలో ప్రొఫెసర్ల ముందూ ఊపింది. ఎవరూ పట్టుకోలేదు. తను కనిపెట్టిన యంత్రం తప్ప.

చేతిలో పలక మీద రెండు గళ్ళు మెరుస్తున్నాయి: యంత్రలోపం, బోధనాలోపం. మొదటిది నొక్కితే పదకొండేళ్ళ శ్రమ బుగ్గి. రెండోది నొక్కితే తన సంగతి ఎవరికీ తెలియదు. రేపటి ఓడలో ఈవిడ భూమికి వెళ్ళిపోతుంది. వేలు రెండో గడి మీదికి వెళ్ళింది.

"ఇదుగో, ఈ సగం పట్టుకోండి" అంటూ టీచర్ ఆమెను ముందు బెంచీలో కూర్చోబెట్టి, చేతిలో రొట్టె పెట్టింది. పట్టుకోవాలంటే పలక కింద పెట్టక తప్పలేదు.

గంట ఒకటీ యాభై ఎనిమిది. తలుపు భళ్ళున తెరుచుకుంది. ముందు పల్లంరాజు, వెనక ఇరవై ఇద్దరు పిల్లలు.

"దొరికాడాండీ ఆ దొంగ? ఎవరండీ?"

పిల్లల బెంచీలో ఇరుక్కున్న మోకాళ్ళు లాక్కుని, యశస్విని లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

"యశస్విని. నాకు అర్థం కాలేదు టీచర్."