నాగవ్వకు పెట్టిన కన్నీళ్లు

సకల జనుల సమ్మెతో బస్సులన్నీ డిపోల్లోనే నిలిచిపోయాయి. రోజూ జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్లి కంప్యూటర్‌లో బొమ్మలు గీయడం నేర్పే వసంత, ఇప్పుడు ఇంట్లో కూర్చునే కెమెరాలో పాఠం చెబుతోంది. పిల్లలంతా అక్కడ ఒక నెట్ సెంటర్‌లో చేరి వింటారు. వినడమంటే ఏముంది, ఒకడు పాటలు పెట్టుకుంటాడు, ఇంకొకడు క్రికెట్ స్కోరు చూస్తాడు. అందుకే ఆమె పూలూ పండ్లూ మానేసి, "మీ ఇంట్ల మీకిష్టమైన మొఖం గీసి పంపున్రి" అంది. స్వరూప తన నాయనమ్మ నాగవ్వ నవ్వుతున్న బొమ్మ పంపింది. ఆ వారమంతా క్లాసులో ఎవరూ కదిలితే ఒట్టు.

ఈ పొద్దున మాత్రం ఒక్కరి బొమ్మా రాలేదు.

"ఏమైంది, కరెంటు పోయిందా?" అంది వసంత.

స్వరూప కెమెరా ముందుకు జరిగింది. "మా నాయనమ్మ బొమ్మ బస్టాండు కాడ ఫ్లెక్సీ మీదున్నది మేడం. కన్నీళ్లు పెట్టిన్రు. ఉద్యమంల కొడుకును పోగొట్టుకున్న తల్లి అని రాసిన్రు. మా బాపు దుబాయిల మంచిగున్నడు. వాడకట్టోళ్లంత సచ్చిండనుకోని పలకరియ్య వచ్చిన్రు. నిన్నటిసంది ఆమె బువ్వ ముట్టలే. ఇగ మేమెవ్వలం బొమ్మలు పంపం."

వసంత ఎవరినీ ఆరా తీయాల్సిన పని లేకపోయింది. బొమ్మ ఉన్నది ఈ కంప్యూటర్‌లో. ఫ్లెక్సీల దుకాణం ఉన్నది తన భర్త భాస్కర్‌కు.

భాస్కర్ వరండాలో చాయ్ తాగుతున్నాడు.

"గా ముసలామె బొమ్మ మీరే తీసుకున్నరా?"

"తీసుకుంటే ఏంది? ఉద్యమానికే గదా. నవ్వే మొఖం పెడితే ఎవలు జూస్తరు? కన్నీళ్లు నేనే పెట్టిన. మస్తు కుదిరింది."

మస్తు కుదిరిందట. వసంతకు గ్లాసు పట్టుకున్న ఆ చేతిని చూడాలన్నా రోత పుట్టింది.

"ఉద్యమం నాది గూడ. బతికున్న కొడుకును సంపుమని అది జెప్పలే. మిమ్ముల జూస్తెనే నాకు అసయ్యమైతున్నది. రాండ్రి, పిల్లలకు మీరే జెప్పున్రి."

అతన్ని తీసుకొచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టింది. అవతల స్వరూప పక్కకు జరిగి, వెంట తెచ్చిన నాగవ్వను ముందుకు తెచ్చింది. భాస్కర్ ఏదో సర్దిచెప్పబోయాడు. నాగవ్వ సాగనివ్వలేదు.

"కొడుకుతోని ఫోన్ల మాట్లాడిన. బతికే ఉన్నడు. అయినా ముద్ద దిగుతలేదు. నీ తల్లి మొఖం కింద గట్ల రాస్తువా, కొడుకా?"

ఇంత చేసినవాణ్ని కూడా ఆమె కొడుకా అంది. భాస్కర్ తల వంచుకుని ఏడ్చాడు.

"రాయనవ్వా. తప్పయింది. ఇప్పుడే అచ్చి నా చేతులతోని తీసేస్త."

"తీసినంక ఇంటికి రా. నువ్వు నా ముంగట కూసోని తింటె, నాకు గూడ రెండు ముద్దలు దిగుతయేమో."

అతను బండి తాళం తీసుకుని బయలుదేరాడు. వసంతకు రోత పూర్తిగా పోలేదు. కానీ నాగవ్వ అప్పుడే లేచి, "నడువ్ బిడ్డ, పొయ్యి ముట్టియ్యాలె" అని మనవరాలి చెయ్యి పట్టి లాగడం చూసి, పిల్లలందరి ముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.