మూడు పొరల కింద కొత్తమేట లంక

"కామరాజుని చంపేశారు."

సెక్యూర్ లైన్‌లో చీఫ్ కృష్ణమూర్తి గొంతు ఎప్పటిలాగే పొడిగా ఉంది. గోదావరి ఒడ్డున దిండి రిసార్ట్ వరండాలో బర్డ్ వాచింగ్ గైడ్ వేషంలో నిలబడ్డ ఏజెంట్ హన్నా ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. కామరాజు ఆమెకి పని నేర్పిన మనిషి. ఏడుపొచ్చింది. ఏడుపుకంటే కోపం ఎక్కువగా వచ్చింది.

"చివరిగా ఏం పంపేరండీ ఆయన?"

"'బాటసారి' యాప్‌లో మూడు ఓవర్‌లేలు. ట్రెక్కింగ్ వాళ్లు మ్యాప్ మీద పరుచుకునే పొరలు. ఒకటి పక్షుల స్థావరాలు, ఒకటి నది లోతులు, ఒకటి టిఫిన్ హోటళ్లు. 'బ్లాక్ కైట్' ముఠా టార్గెట్ అందులోనే ఉంది. పక్షుల ఓవర్‌లేలో నది సముద్రంలో కలిసే చోట పెద్ద ఎర్ర గుర్తుంది. కమాండోలు అక్కడికే వెళ్లారు. నువ్వు వెనక్కి వచ్చెయ్."

అంత పెద్ద ఎర్ర గుర్తు కోసం ప్రాణం పోగొట్టుకునే రకం కాదు కామరాజు. ఆఫీసులో మహానుభావులు మూడు పొరల్నీ విడివిడిగా చూసి చేతులు దులుపుకుని ఉంటారు. హన్నా వాటిని ఒకదాని మీద ఒకటి పరిచి, పై రెండింటి ఒపాసిటీ సగానికి తగ్గించి, కిందిది కూడా కనపడేలా చేసింది. వందల గుర్తులు చెల్లాచెదురుగా పడ్డాయి. మూడు పొరల గుర్తులూ కలిసింది మాత్రం ఒక్క చోటే. అక్కడ నది అడుగున గ్యాస్ పైప్‌లైన్ ఉంది. ఆ పక్కనే కొత్తమేట లంక ఉంది. ఆ లంకలో, తల్లి పోయిన హన్నాని పెంచి పెద్దచేసిన రూతమ్మ పిన్ని ఉంది.

"టార్గెట్ సముద్రం కాదండీ. కొత్తమేట లంక గ్యాస్ లైను."

"ఎనాలిసిస్ వింగ్ అలా అనడం లేదు. వెనక్కి రా. ఇది ఆర్డర్."

"వినపడిందండీ. రాను."

ఫోన్ పెట్టేసేసరికి వెనక నుంచి అత్తరు వాసన గుప్పుమంది. రమణబాబు. దుబాయ్ నుంచి దిగిన అందగాడు, లినెన్ చొక్కా, కూలింగ్ గ్లాసెస్. డిపార్ట్‌మెంట్ దృష్టిలో అతను మన డబుల్ ఏజెంట్. బ్లాక్ కైట్ దృష్టిలో వాళ్ల డబుల్ ఏజెంట్. ఆ ఓవర్‌లేలు తయారుచేసింది అతనే.

"ఆలస్యమైపోయిందండీ హన్నాగారూ. టూరిస్టు పడవలో డైవర్లూ బాంబూ బయల్దేరిపోయేయి. మీరు అందుకోలేరు."

"కామరాజుగారిని పట్టిచ్చింది నువ్వేనా?"

"ఆయన మరీ లోతుగా చూసేరండి."

హన్నా సెల్ఫీ స్టిక్ చివర అతని డొక్కలో ఆనింది. అది ఫొటోలు తీసేది కాదని అతనికి తెలుసు. నవ్వు ఆగిపోయింది.

"పడవ నీ లాగిన్‌లోంచి వచ్చే మ్యాప్ చూసుకునే వస్తోంది. అవునా?"

"ఆయ్."

"వేలు పెట్టు."

అతని వేలిముద్రతో యాప్ తెరుచుకుంది. హన్నా తన దగ్గరున్న పాత శాటిలైట్ ఫొటోని నాలుగో పొరగా అన్నింటికంటే పైన పెట్టింది. ఒపాసిటీ ఫుల్. కింద ఉన్న లోతుల పొర పూర్తిగా మరుగునపడింది. ఫొటోలో లంక పక్కన పాయ నీలంగా, నిండుగా, దగ్గర దారిలా ఉంది. మొన్నటి గోదావరి వరదకి అది పూడిపోయి, నీళ్ల కింద ఇసుకా బురదా కలిసిన మేట అయింది. ఫొటో ఆ వరదకి ముందుది.

సిగ్నల్ ఒక్క గీతే ఉంది. మ్యాప్ మీద పడవని చూపే చుక్క ఆ పాయ మలుపు దగ్గరికి వచ్చేసింది. అప్‌లోడ్ తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది. పడవ మలుపు దాటబోతుండగా అప్‌లోడ్ పూర్తయింది. చుక్క కాసేపు తటపటాయించి ఎడమకి, పూడిన పాయలోకి తిరిగింది.

రమణబాబుని వరండా స్తంభానికి బేడీలేసి, హన్నా పిన్నికి ఫోన్ చేసింది.

"ఎవరో టూరిస్టులే హన్నా," అంది రూతమ్మ. "మేట మీదకి వచ్చేస్తున్నారు. వెదురు గెడలు పాతి ఎర్ర గుడ్డలు కట్టేం కదా, అవి చూడరు, ఫోన్లు చూసుకుంటున్నారు. అటు కాదండీ బాబూ అని చెయ్యి ఊపితే, తిరిగి నాకు చెయ్యి ఊపుతున్నారే. అయ్యో, ఎక్కేసేరు. పడవ ఒరిగిపోయింది. పెట్టెలన్నీ నీళ్లపాలు. మనవాళ్లు గెంటడానికి దిగుతున్నారు."

"గెంటొద్దు పిన్నీ."

"అదేవిటే. మేటెక్కిన పడవని చూస్తూ నిలబడతారా ఎవరైనా?"

"వాళ్లు మన లంకని తగలబెట్టడానికి వచ్చినవాళ్లు. పెట్టెల జోలికి ఎవర్నీ పోనివ్వకు."

"ఒరేయ్, గెంటకండ్రా, ఆగండి!" అని పిన్ని మనవాళ్లకి కేకేసింది.

"అలాగా," అంది మళ్లీ ఫోన్‌లోకి. "ఆటు వేళ కదా, సముద్రం నీళ్లు లాగేస్తోంది. వాళ్లు పడవ దిగి అప్పుడే నడుం దాకా బురదలో దిగబడిపోయేరు. ఇక కదల్లేరులే. మనవాళ్లని గెడలు పట్టుకుని చుట్టూ నిలబడమంటాను."

కాసేపటికి చీఫ్ లైన్‌లోకి వచ్చాడు. సముద్రం దగ్గర కొంగలు తప్ప ఎవరూ లేరట. విషయమంతా విని గొంతు సవరించుకున్నాడు.

"అయినా ఆర్డర్ ధిక్కరించావు హన్నా. యాక్షన్ తప్పదు."

"తీసుకోండి సార్. ముందు కమాండోల్ని లంకకి పంపండి. మ్యాప్ చూసుకుని మాత్రం రావద్దనండి. ఒడ్డున మా పిన్ని చెయ్యి ఊపుతుంది, అటు రమ్మనండి."